అడ్జస్ట్ అనే మాటతో నా పేచీ

శ్రీకాకుళం నుంచి విజయనగరం వచ్చే బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను అరగంట ముందే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్తాను. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడంలో నాకు ఏళ్ళ తరబడి అనుభవం ఉంది. అంత కష్టపడి సంపాదించిన సీట్లో కుదురుగా కూర్చుంటానా, చిలకపాలెం దగ్గర ఒకాయన ఎక్కుతాడు. చేతిలో సంచీ, సంచీలో పనసకాయ. ముగ్గురం కూర్చున్న సీటు దగ్గర ఆగి, మా ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి, "కొంచెం అడ్జస్టవ్వండి" అంటాడు. అది అడగడం కాదు. అడిగినవాడు జవాబు కోసం ఆగుతాడు. ఈయన ఆ మాట పూర్తయ్యేలోపే కూర్చునేస్తాడు. రణస్థలం దాటేసరికి నేను కిటికీ ఊచలకి అంటుకుపోయి ఉంటాను, పనసకాయ మా కాళ్ళ మధ్యకి చేరి దాని ముళ్ళు నా పిక్కకి తెలుస్తుంటాయి, ఆయన మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు.

ఇన్నేళ్ళలో నేను గమనించింది ఒకటే. ఆ మాట అన్నవాడు ఎప్పుడూ అడ్జస్టవ్వడు.

నేను కొట్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. విజయనగరం బజారులో మా నాన్నది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. నాకు మాటల కంటే ముందు రేట్లు వచ్చాయని మా అమ్మ అనేది. కొట్టు మా అన్నయ్యకి వెళ్ళింది, నాకు నోరు మిగిలింది. ఆ నోటితోనే శ్రీకాకుళంలో ఒక కాలేజీలో గుమస్తాగా చేరాను గానీ బేరం మాత్రం మానలేదు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడతాను. మా ఆవిడ మొదట్లో నాతో బజారుకి వచ్చి, ఈయనెవరో నాకు తెలీదన్నట్టు నాలుగు గజాల దూరంలో నిలబడేది. ఇప్పుడు ఆ మాత్రం కూడా రాదు.

అందుకని చెప్తున్నాను, బేరమంటే నాకు తెలుసు. బేరంలో ఒకడు ఇంత అంటాడు, రెండోవాడు ఇంత అంటాడు. ఇద్దరూ కదులుతారు. కుదరకపోతే చెప్పులేసుకుని నాలుగడుగులు నడవొచ్చు. వెనకనుంచి "రండి రండి, ఏటి అలగెలిపోతన్నారు" అని పిలుపు వస్తుంది, రాకపోతే మన అంచనా తప్పిందని తెలుస్తుంది. ఎలా చూసినా అక్కడ ఒక అంకె ఉంటుంది, దానికొక ముగింపు ఉంటుంది. అడ్జస్ట్‌లో అంకె లేదు. ఎంత జరగాలో చెప్పరు, ఎంతసేపో చెప్పరు, బదులుగా ఏమిస్తారో అసలే చెప్పరు. బేరమాడ్డానికి వీల్లేని మాట అది. దాని మీద నా మంటకి అదే కారణం.

మొదట్లో అది మంచి మాటే అయ్యుంటుంది. చిన్నప్పుడు మా వీధి చివర సైకిలు షాపాయన బ్రేకులు అడ్జస్ట్ చేసేవాడు, గొలుసు అడ్జస్ట్ చేసేవాడు, ఆ తర్వాత సైకిలు చెప్పినట్టు వినేది. మా నాన్న పొద్దున్నే తక్కెడ పట్టుకుని, రెండు పళ్ళేలూ సమానంగా నిలవకపోతే తేలిక పళ్ళెం కింద కాస్త చింతపండు అంటించి అడ్జస్ట్ చేసేవాడు. ఇనుముకీ ఇత్తడికీ ఆ మాట చెప్తే తప్పు లేదు, వాటికి నొప్పి తెలీదు. ఎవడు మొదలుపెట్టాడో గానీ ఆ స్క్రూడ్రైవరు మనుషుల మీదికి తిప్పాడు.

ఇప్పుడు చూడండి. దర్జీ చొక్కా బిగుతుగా కుట్టేసి "వాడతా ఉంటే అదే అడ్జస్టయిపోతాది" అంటాడు. చొక్కా సాగుతుందా, నేను చిక్కుతానా, చెప్పడు. అద్దెకి ఇల్లు చూపించేవాడు, ఫ్రిజ్ పెడితే వంటింటి తలుపు సగమే తెరుచుకుంటుందని తెలిసీ "ఫ్యామిలీ మనుషులు, అడ్జస్టయిపోతారు" అంటాడు. ఫ్యామిలీ మనుషులు సన్నగా ఉంటారని వాడికెవరు చెప్పారో. ఆస్పత్రిలో మంచం లేదు, వరండాలో అడ్జస్టవ్వండి. పెళ్ళిలో మూడో పంక్తికి పప్పు అయిపోయింది, సాంబారుతో అడ్జస్టవ్వండి. చిల్లర లేదు, చాక్లెట్‌తో అడ్జస్టవ్వండి. మా కాలేజీలో ఒకరు సెలవు పెడితే వాళ్ళ ఫైళ్ళు నా బల్ల మీద పెట్టి "ఈ వారం అడ్జస్ట్ చేసీండి" అంటారు. ఆ వారం నిరుడు దసరాకి ముందు మొదలైంది. సంబంధాలు మాట్లాడేచోట "పిల్ల అడ్జస్టయ్యే మనిషేనా" అని అడగని ఇంటిని నేనింతవరకూ చూడలేదు. "పిల్లాడు అడ్జస్టవుతాడా" అని అడిగిన పెద్దమనిషి ఒక్కడు కనబడితే ఆయనకి మా కొట్లోంచి ఇత్తడి బిందె ఊరికే ఇప్పిస్తాను. అన్నయ్య ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను. ఇకమీద నవ్వు రావడం లేదు. ఎందుకంటే ఆ మాటని మా ఇంట్లో మా అక్క మీద వాడినవాణ్ణి నేనే.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అన్నయ్యకంటే రెండేళ్ళు చిన్నది. ఎనిమిదేళ్ళ క్రితం బావగారు పోయాక పార్వతీపురం నుంచి విజయనగరం వచ్చేసింది. పిల్లల్లేరు. అన్నయ్య ఇంట్లోనూ ఉండనంది, నా ఇంట్లోనూ ఉండనంది. కొట్టుకి రెండు వీధుల అవతల ఒక గది తీసుకుంది. "నాకేదేనా పని సెప్పండి, ఊరికే కూకోలేను" అంది. పని సిద్ధంగా ఉంది. స్టీలు సామాను కొన్నవాళ్ళు దాని మీద పేరు చెక్కించుకుంటారు కదా, ఆ పని చేసే మనిషి అప్పుడే మానేశాడు. మిషను మూల పడి ఉంది. అక్క రెండు రోజులు పాత గిన్నెల అడుగున గీసి గీసి నేర్చుకుంది. నెల తిరిగేసరికి ఆమె రాత కోసమే జనం రావడం మొదలైంది. తలకట్టు దగ్గర మిషను ఒక్క క్షణం ఆపి, మళ్ళీ మెల్లగా కిందికి దింపేది. గిన్నె మీద గీసినట్టుండేది కాదు ఆ అక్షరం, గిన్నెతోపాటే తయారైనట్టుండేది.

ఆమెకి ఒకటే కోరిక. పొద్దున్న కొట్టు తీసే వేళకి అక్కడ ఉండాలి. మా ముగ్గురిలో కొట్టంటే ప్రాణం ఆమెకే. చిన్నప్పుడు నాన్న షట్టరు ఎత్తుతుంటే గుమ్మం ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసింది ఆమె. నేనూ అన్నయ్యా అప్పటికి దుప్పట్లోంచి తల బయట పెట్టేవాళ్ళం కాదు. బిందెలు బయట పేర్చడం, అరల మీద దుమ్ము దులపడం, ఎండ పడగానే స్టీలు ఒక్కసారి మెరవడం, ఇవి తనకి కావాలంది. జీతం సంగతి అడగలేదు. ఆ గంట అడిగింది.

బోణీ అడ్డం వచ్చింది. మా బజారులో రోజు మొదటి అమ్మకం అయ్యేదాకా అప్పు ఇవ్వరు, కొన్న సరుకు వెనక్కి తీసుకోరు, గట్టిగా తుమ్మనివ్వరు కూడా. బోణీ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేస్తారు. ఇప్పుడు నోట్లు తగ్గిపోయి జనం ఫోను చూపించి పోతున్నారు. ఇన్ని రూపాయలు అందాయని కౌంటరు మీది స్పీకరు డబ్బా గట్టిగా చెప్తుంది. అన్నయ్య ఆ డబ్బానే రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుంటాడు. అంతవరకూ నాకు పేచీ లేదు. కానీ భర్త పోయిన మనిషి చెయ్యి బోణీకి ముందు సరుకు మీద పడకూడదని ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు, బజారంతటికీ తెలుసు.

ఆ మాట అక్కతో అనడానికి అన్నయ్యకి నోరు రాలేదు. "నోరున్నోడివి, నువ్వు సెప్పరా" అని నన్ను పంపాడు. నేను వెళ్ళాను. అక్క టీ పెట్టి ఇచ్చింది. తాగుతూ చెప్పాను.

"ఒక్క గంటే కదక్కా. బోణీ అయ్యేదాకా ఆగి రా. అన్నయ్య సంగతి నీకు తెల్సు కదా. కొంచెం అడ్జస్టయిపో."

"ఎన్నాళ్ళురా?"

"ముందు సాగనీ. తరవాత సూద్దాం."

అక్క ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను బయటికి వచ్చి, పని అయిపోయిందని అన్నయ్యకి ఫోను చేశాను, పెద్ద బేరం కుదిర్చినట్టు. ఉల్లిపాయల బండి దగ్గర కూడా అంకె తేల్చుకోకుండా కదలని మనిషిని, మా అక్క రోజుల్ని ఎంతకీ ఎన్నాళ్ళకీ అని అడక్కుండా రాసిచ్చేశాను.

బోణీ ఎప్పుడవుతుందో ఎవరు చెప్పగలరు? తొమ్మిదికి కావచ్చు, పదకొండుకి కావచ్చు. అయ్యాక ఇంటికి కబురు పెడితే ఆమె వచ్చేసరికి ఆలస్యం. అందుకని అక్క పొద్దున్నే వెనక సందు తలుపులోంచి వచ్చి గొడౌన్లో కూర్చోవడం అలవాటు చేసుకుంది. అట్టపెట్టెలు, వాటి మధ్య గడ్డి, చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లు. ఆ పేపర్లే చదువుకునేది. ముందు గదిలో డబ్బా మాట్లాడిన చప్పుడు వినిపిస్తే లేచి చీర దులుపుకుని వచ్చేది. ఎనిమిదేళ్ళు. ఆ మాట్లాడే డబ్బా ఇంకా కొనని రోజుల్లో అన్నయ్య గల్లా పెట్టె మూత టకటకమని రెండుసార్లు కొట్టేవాడు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. బోణీ వల్ల బాగుపడ్డవాణ్ణి నేను. మొదటి బేరం వెనక్కి పోతే రోజంతా పాడవుతుందని కొట్టువాళ్ళకి భయం. అది తెలిసినవాణ్ణి కనక నేను ఏ ఊరు వెళ్ళినా పొద్దున్నే కొట్టు తీసే వేళకి వెళ్ళి నిలబడతాను. పొందూరులో పంచె అలాగే కొన్నాను, గరివిడిలో గొడుగు అలాగే కొన్నాను. కొట్టాయన మొహం మాడ్చుకుని, అయినా నన్ను వదల్లేక, నేనన్న రేటుకే ఇచ్చేవాడు. అది నా తెలివి అనుకునేవాణ్ణి. అదే భయం మా కొట్టు వెనక మా అక్కని గడ్డిలో కూర్చోబెడుతోందని నాకెప్పుడూ తట్టలేదు.

ఈ యేడు వానల్లో ఒక ఆదివారం నేను కొట్లో ఉన్నాను. తుఫాను పట్టు. తొమ్మిదయింది, పదయింది, పదకొండయింది, బజారులోకి మనిషి రాలేదు. అన్నయ్య గల్లా దగ్గర కూర్చుని ఆవలిస్తున్నాడు. గొడౌన్లోంచి పేపరు తిప్పిన చప్పుడు మాత్రం వస్తోంది.

పదకొండున్నరకి ఒకావిడ గొడుగు మూస్తూ ఎక్కింది. నెల్లిమర్ల నుంచి వచ్చానంది. ఎల్లుండి గృహప్రవేశం, వచ్చినవాళ్ళకి పంచడానికి అరవై స్టీలు డబ్బాలు కావాలి, ఒక్కో దాని మీద ఇంటి పేరూ మొగుడూ పెళ్ళాల పేర్లూ చెక్కాలి. ఆవిడ బేరం చూసి నాకు ముచ్చటేసింది. డబ్బా మూత తీసి లోపల గోటితో మీటింది, వెలుతురుకి పెట్టి చూసింది, రేటు వినగానే గొడుగు మళ్ళీ తెరిచింది. అన్నయ్య తగ్గాడు. ఆవిడ గొడుగు సగం మూసింది. ఇంకా తగ్గాడు. పూర్తిగా మూసింది.

"రేటు సరే సావుకారూ. ముందు ఒక డబ్బా మీద సెక్కి సూపించండి. అచ్చరాలు నచ్చితే మొత్తం డబ్బులిచ్చీసి కూకుంటాను, నచ్చకపోతే నా దారిన నానెలిపోతాను" అంది. ఇంతకుముందు ఇంకెక్కడో చెక్కిస్తే వాళ్ళాయన పేరు తప్పు చెక్కి పాడుచేశారట.

అన్నయ్య ఇరుక్కున్నాడు. పేరు చెక్కితేనే ఆవిడ డబ్బు తీస్తుంది. డబ్బు తీస్తేనే బోణీ. బోణీ అయితేనే అక్క చెయ్యి మిషను మీద పడాలి.

"అమ్మా, ఒక పది రూపాయలు అడ్వాన్సు ఇచ్చీండి. ఇంకా బోణీ అవ్వలేదు. కొంచెం అడ్జస్టవ్వండి" అన్నాడు.

"బస్సులో అడ్జస్టయ్యే ఒచ్చినాను బాబూ. ఇంక నా దగ్గిర అడ్జస్టు మిగల్లేదు. అచ్చరం సూడకుండా రూపాయి తియ్యను."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అన్నయ్య ఆఖరికి తనే మిషను తీశాడు. ఎనిమిదేళ్ళలో దాన్ని ముట్టుకున్నవాడు కాదు. డబ్బాని పొట్టకి ఆనించి మొదటి అక్షరం మొదలుపెట్టాడు, మిషను జారి మూత దాకా పోయింది. ఆవిడ వంగి చూసింది.

"ఇదేటి బాబూ, కోడి గీకినట్టున్నాది. ఎవులికిస్తాను దీన్ని."

అప్పుడు నా బుర్ర పనిచేసింది. పనిచెయ్యకుండా ఉంటే బాగుండేది. జేబులోంచి ఫోను తీశాను, కౌంటరు మీది క్యూఆర్ కోడ్‌కి చూపించాను, పదకొండు రూపాయలు కొట్టాను. మాట్లాడే డబ్బా గట్టిగా, ఊరంతా వినేలా, పదకొండు రూపాయలు అందాయని చెప్పింది.

"అయిపోనాది బోణీ" అన్నాను అన్నయ్యతో.

అన్నయ్య నన్ను మహానుభావుణ్ణి చూసినట్టు చూశాడు. ఆ మాట్లాడే డబ్బా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. నెల్లిమర్లావిడ నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య గొడౌను వైపు తిరిగి "బోణీ అయిపోనాదే. రా, అర్జెంటు" అని పిలిచాడు.

అక్క వచ్చింది. చీరకంటుకున్న గడ్డిపోచ దులుపుకుంది. మిషను వైపు వెళ్ళలేదు. గొడౌను తలుపు సందులోంచి ఆమె అంతా చూసినట్టుంది.

"ఎవులు కొన్నారు బోణీ?" అని అడిగింది.

"నేనే పంపినానక్కా ఫోన్లోంచి" అన్నాను, ఇంకా గర్వంగానే.

"ఏటి కొన్నావు?"

నేనేమీ కొనలేదు.

"ఈ ఫోను నీ దగ్గిర ఎన్నాళ్ళ నుంచున్నాదిరా?"

"ఐదారేళ్ళు."

"అయితే ఐదారేళ్ళ నుంచీ నా గంట నీ జేబులోనే ఉన్నాదన్నమాట" అంది.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను కూడా పెంచి ఏదో ఒకటి అనేవాణ్ణి. అన్నయ్య మధ్యలోకి వచ్చాడు. "అది కాదే, ఇప్పుడు అర్జెంటని అలగ సేసినాం. ఇది లెక్కలోకి రాదు. రోజూ అలగ సేస్తావేటి?"

"అర్జెంటు మీదైతే ఒక్క నిమిషంలో అయిపోనాది. నాదైతే ఎనిమిదేళ్ళయినా అవ్వలేదు. ఇంత సుళువైన దానికా నన్ను గడ్డిలో కూకోబెట్టినారు?"

 అరిష్టం అనేది నిజంగా ఉందని మేం నమ్మి ఉంటే, పదకొండు రూపాయల ఫోను బోణీతో దాన్ని దాటేసేవాళ్ళం కాదు. నమ్మకపోతే అక్కని వెనక కూర్చోబెట్టేవాళ్ళం కాదు. మేం నమ్మిందీ లేదు, మానిందీ లేదు. ఆమె కదుల్తుంది కదా అని మేం కదల్లేదు. అంతే. 

అక్క స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"రేపట్నుంచి కొట్టు తాళాలు నా దగ్గిరుంటాయి. పొద్దున్న నేను తీస్తాను. సరేనంటే ఈ అరవై డబ్బాలూ సెక్కుతాను. లేదంటే ఇంటికెల్తాను."

"ఒసే, జనాలేటనుకుంటారే. నాన్నున్నప్పట్నుంచీ ఉన్న పద్దతి" అన్నాడు అన్నయ్య.

"నాన్న కొట్లో ఈ డబ్బా మాటాడీదేటి? దానికి పద్దతి మారింది కదా. నాకెందుకు మారదు?"

ఇక్కడ నా పాత బుద్ధి నన్ను వదల్లేదు. రెండు పక్షాలు పట్టు మీద ఉంటే మధ్యలో అంకె చెప్పడం నాకు ఊపిరి తీసుకున్నట్టు. "పోనీ ఇలగ సెయ్యండి. వారంలో మూడు రోజులు అక్క తీస్తాది, శుక్రవారాలు మాత్రం..." అని మొదలుపెట్టాను. అక్క నా వైపు తల తిప్పింది.  ఆ చూపు ముందు శుక్రవారం నా నోట్లోనే ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక బేరం మధ్యలో నేను నోరు మూసుకున్నాను.

నెల్లిమర్లావిడ అప్పటిదాకా డబ్బా మూత తీస్తూ పెడుతూ వింటోంది. అన్నయ్య ఆవిడ సాయం కోసం చూశాడు. "సూడండమ్మా, శుభానికి కొంటన్నారు, మీరే సెప్పండి, పద్దతి పద్దతే కదా" అన్నాడు.

ఆవిడ అక్క మొహం వైపు చూసింది. నుదురు చూసింది, మెడ చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది.  ఆవిడ వద్దంటే అక్క ఆ స్టూలు మీద నుంచి ఎలా లేస్తుందో చూడలేననిపించింది.

"ఇన్నాల్లూ మీ కొట్లో పేర్లు సెక్కింది ఈ అమ్మేనా?" అని అడిగింది.

"అవునండి" అన్నాను నేను.

"మా తోడికోడలు బిందె మీద సూసినాను. ఆ రాత కోసమే ఇంత వానలో ఒచ్చినాను. ఎప్పుడు తీస్తారో ఎవులు తీస్తారో మీరూ మీరూ సూస్కోండి. నాకు మూడు గంటల బస్సున్నాది." అని ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

అది మా అక్క పక్షం తీసుకోవడం కాదు. నేను ఆవిణ్ణి దేవత చెయ్యను. ఆవిడకి డబ్బాలు కావాలి, బస్సు కావాలి. అన్నయ్య ఎనిమిదేళ్ళుగా భయపడిన జనం ఈవిడే, ఈవిడకి బస్సు వేళ తప్ప ఇంకో చింత లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. ఒక్కసారైనా ఆ జనాన్ని అడిగి చూశామా?

అన్నయ్య చాలాసేపు గల్లా పెట్టెలో ఏదో వెతికాడు. వెతకడానికి అందులో ఏమీ లేదు, పదకొండు రూపాయలు కూడా లేవు, అవి ఫోన్లో ఉన్నాయి. చివరికి మొలకున్న తాళాల గుత్తిలోంచి షట్టరు తాళంచెవి ఊడదీసి మిషను పక్కన పెట్టాడు. సరే అనలేదు. అక్క వైపు చూడలేదు. వాన ఎలా ఉందో చూడ్డానికన్నట్టు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

అక్క తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. అప్పుడు డబ్బా చేతిలోకి తీసుకుంది. "పేర్లు సెప్పమ్మా, గుణింతాలతో సహా సెప్పు" అంది. మిషను సన్నగా జుయ్యిమంది. ఆ పేర్లు ఇక్కడ రాయను, అవి వాళ్ళింటివి. నెల్లిమర్లావిడ మొదటి డబ్బా తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి, చదువు రాని మనిషిలా ఒక్కోటీ తడుముతూ వెళ్ళి, బొడ్లోంచి సంచీ తీసింది. నోట్లే ఇచ్చింది.

మర్నాడు నేను శ్రీకాకుళం వెళ్ళలేదు. సెలవు పెట్టాను. ఎనిమిదిన్నరకి కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి షట్టరు సగం లేచి ఉంది. అక్క ఒక్కతే ఎత్తలేకపోతోంది. తుప్పు పట్టి బిగుసుకుంది, అన్నయ్య ఏనాడూ గ్రీజు పెట్టించలేదు. నేను చెయ్యి వెయ్యబోతే "ఆగు, నూనె తెస్తాను" అని వెనక సందులోంచి వెళ్ళి సీసా తెచ్చింది. పోశాక తనే ఎత్తింది. బిందెలు బయట పేర్చింది. ముందు రోజు వానకి గుమ్మం తడిసే ఉంది, నీళ్ళు చల్లాల్సిన అవసరం లేకపోయింది. అయినా చల్లింది.

అన్నయ్య పదింటికి వచ్చాడు. ఎదురుగా మందుల షాపాయన "ఏటి, సెల్లెలు గారు తీసినారేటి కొట్టు" అని అడిగితే "నాకు మోకాళ్ళ నొప్పులండి, పొద్దున్నే లెగలేకపోతన్నాను" అన్నాడు. అప్పట్నుంచీ బజారుకంతటికీ అదే చెప్తున్నాడు. మోకాళ్ళు బంగారంలా ఉన్నాయి, మొన్న రామతీర్థంలో మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. నాకు ఒళ్ళు మండి ఒకరోజు నిలదీస్తే అక్కే నన్ను ఆపింది. "ఏదో ఒకటి సెప్పుకోనీరా. తాళం నా దగ్గిరున్నాది కదా" అంది. ఆమెకి అంత ఓపిక ఎక్కడిదో నాకు తెలీదు. నాకు లేదు.

నేను మారిపోయానని చెప్పను, చెప్తే అక్కే నవ్వుతుంది. ఇప్పటికీ పొద్దున్నే కొట్టు తీసే వేళకి వెళ్ళి బేరమాడుతూనే ఉన్నాను. కాకపోతే కొట్టాయన వెనక తెర కదిలితే అటు చూస్తున్నాను, ఎవరైనా కూర్చున్నారేమోనని. రెండుచోట్ల కూర్చున్నారు.

ఈ సంగతి విన్న బంధువులందరూ నన్ను అడిగేది ఒకటే. మీ అక్క కొట్టు తీయడం మొదలుపెట్టాక అమ్మకం పెరిగిందా, తగ్గిందా? పెరిగిందంటే సంతోషించడానికి సిద్ధంగా ఉంటారు. తగ్గిందంటే తలలూపడానికి సిద్ధంగా ఉంటారు. అడిగేటప్పుడు వాళ్ళ మొహాల్లో మంచితనం చూస్తే నాకు కోపం ఇంకా పెరుగుతుంది. నేను ఏ అంకె చెప్పినా ఒప్పుకున్నట్టే. ఆమె అక్కడ నిలబడాలా వద్దా అనేది గల్లా పెట్టె తేల్చాలని ఒప్పుకున్నట్టే. అన్నయ్య ఇరవయ్యేళ్ళు కొట్టు తీశాడు, నష్టం వచ్చిన యేళ్ళు నాకు తెలుసు, అప్పుడు ఆయన చెయ్యి మంచిదా కాదా అని ఒక్కరూ అడగలేదు. అందుకని ఆ అంకె నేను చెప్పను. అన్ని అంకెలూ తెలిసినవాణ్ణి, ఇది కూడా తెలుసు. చెప్పను.